నిప్పుకోడి మీద మోపిన నేరాలు



యోబు గ్రంథము 39వ అధ్యాయంలో 13 నుంచి 18 వరకు ఆరు వచనాలు ఒక్క పక్షి గురించే ఉన్నాయి. మన తెలుగు బైబిలులో దాని పేరు నిప్పుకోడి. పిల్లల బడి పుస్తకాల్లో ఉష్ట్రపక్షి. ఉష్ట్రం అంటే ఒంటె. పారశీకులు కూడా దాన్ని ఒంటె పేరుతోనే శుతుర్‌ముర్గ్ అన్నారు. గ్రీకులు పిచ్చుకనూ ఒంటెనూ కలిపి ఒక మాట చేశారు. 1758లో లినేయస్ అనే శాస్త్రవేత్త ఆ రెండు మాటలనే తీసుకుని స్ట్రుథియో కామెలస్ అని పేరు ఖాయం చేశాడు. ఇంత పెద్ద పక్షిని పిచ్చుకతో ఎందుకు కలిపారో గాని, ఒంటె పోలిక మాత్రం చూసినవాళ్లందరికీ తట్టింది.

మన ప్రసంగాల్లో ఈ పక్షి ఎప్పుడు వచ్చినా ముద్దాయిగానే వస్తుంది. మొదటి నేరం బుద్ధిహీనత. ఆపద వస్తే ఇసుకలో తల దూర్చి, తనకు ఏమీ కనబడదు గనుక తననెవరూ చూడరనుకుంటుందట. రెండోది కఠిన హృదయం. గుడ్లు నేలమీద వదిలేసి తన దారిన పోతుందట. మొదటి మాట బైబిలులో ఎక్కడా లేదు. రెండోది యోబు గ్రంథంలో ఉంది. కానీ అక్కడ ఆ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో చూడకుండా మనం వాడేస్తున్నాం. ఈ రెండు నేరాలనూ ఈసారి కొంచెం నిదానంగా విచారిద్దాం.

ముందు పక్షిని చూద్దాం. పుంజు మెడ నిటారుగా నిలిపితే దాదాపు తొమ్మిది అడుగులు. మనలో చాలామంది ఇళ్లలో గుమ్మం దాటి లోపలికి రాలేదు. బరువు 100 నుంచి 150 కిలోలు. మన లెక్కలో ఇంచుమించు రెండు బస్తాల వడ్లు. కన్ను గుడ్డు నిమ్మకాయంత ఉంటుంది, రెండు అంగుళాల అడ్డకొలత. దాని మెదడు కంటే కన్నే పెద్దది. రెక్కలున్నాయి గాని ఎగరలేదు. ఎగిరే పక్షులకు రొమ్ము ఎముక మధ్యలో పడవ అడుగులాంటి గట్టు ఉంటుంది, రెక్కల కండలు దాన్ని పట్టుకుని ఉంటాయి. దీనికి ఆ గట్టు లేదు, రొమ్ము ఎముక బల్లపరుపుగా ఉంటుంది. ఆ బలమంతా కాళ్లకు వచ్చింది. ఒక్కో కాలికి రెండే వేళ్లు. లోకంలో రెండు వేళ్ల పక్షి ఇదొక్కటే. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. పరుగులో మలుపు తిరిగేటప్పుడు రెక్కలు విప్పి, తెడ్డు వేసినట్టు ఒళ్లు సర్దుకుంటుంది. మూలకు తరిమితే ముందుకు తన్నుతుంది, ఆ తన్ను తగిలితే సింహానికైనా ప్రమాదమే.

ఇక ఇసుకలో తల దూర్చే కథ. దీని వేరు ప్లినీ అనే రోమా రచయిత దగ్గర దొరుకుతుంది. క్రీస్తు శకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయినవాడు ఈయనే. 37 సంపుటాల ప్రకృతి చరిత్ర రాశాడు. పదో సంపుటం పక్షులది, అది ఈ పక్షితోనే మొదలవుతుంది. అయితే ప్లినీ ఇసుక అనలేదు. మెడను పొదలో దూర్చి, ఒళ్లంతా దాగిందనుకుంటుందని రాశాడు. తరువాతి వాళ్ల నోళ్లలో ఆ పొద పోయి ఇసుక వచ్చింది.

నిజంగా జరిగేది వేరు. గుడ్ల మీద కూర్చున్న పెట్టకు దూరంగా శత్రువు కనబడితే అది లేచి పారిపోదు. మెడ చాపి నేలకు ఆనించి, కదలకుండా పడుకుంటుంది. బూడిద గోధుమ రంగు ఈకలు కదా, ఎండ కానలు ఆడే ఆ మైదానంలో అర కిలోమీటరు దూరం నుంచి చూస్తే మట్టి దిబ్బలా, పుట్టలా ఉంటుంది. మెడ కనబడదు, ఒళ్లు మాత్రమే కనబడుతుంది. చూసినవాడు తల భూమిలో ఉందనుకున్నాడు. ఇంకో సంగతి కూడా ఉంది. దీని గూడు అంటే నేలలో గీరుకున్న లోతు తక్కువ గుంట. పొదిగే పక్షి రోజూ తల ఆ గుంటలోకి వంచి ముక్కుతో గుడ్లను తిప్పుతుంది. మన ఇంట్లో పొదుగు మీదున్న కోడిపెట్ట చేసే పనే. దాన్ని కూడా దూరం నుంచి చూసినవాళ్లు తప్పుగా చదివి ఉంటారు. గుడ్లను చూసుకుంటున్న తల్లిని చూసి, తల దాచుకున్న పిరికిదని లోకం రెండు వేల ఏళ్లు నవ్వింది!

"పాస్టరుగారూ, నిప్పుకోడి ఆఫ్రికా పక్షి కదా, యోబు దేశంలో ఎక్కడుంది?" అని యౌవనస్థుల కూడికలో అడిగారు. మంచి ప్రశ్న. ఇప్పుడు ఆఫ్రికాలోనే మిగిలింది. అప్పుడు అలా కాదు. సిరియా, అరేబియా, సీనాయి, నెగెబు ప్రాంతాల్లో ఈ పక్షి జాతి ఒకటి ఉండేది, ఆఫ్రికా వాటికంటే కొంచెం చిన్నది. క్రీస్తుకు పూర్వం 401లో గ్రీకు సైన్యంతో యూఫ్రటీసు నది వెంబడి నడిచిన జెనొఫోను తన పుస్తకంలో దీన్ని చూసినట్టు రాశాడు. గుర్రపు రౌతులు అడవి గాడిదలను వంతులవారీగా తరిమి పట్టుకున్నారట. నిప్పుకోడిని మాత్రం ఒక్కడూ పట్టలేకపోయాడు. అది కాళ్లతో పరుగెత్తుతూ రెక్కలను తెరచాపలా ఎత్తుకుని సాగిపోతుంటే, తరిమినవాళ్లు కొంతసేపటికి మానుకుని వెనక్కు వచ్చేశారు. యోబు 39లో ఈ పక్షి మీద చెప్పిన చివరి మాట కూడా గుర్రం గురించే, రౌతు గురించే. జెనొఫోనుకు యోబు గ్రంథం తెలియదు. చూసిందే రాశాడు.

ఇంకా పాత ఆనవాళ్లున్నాయి. ఐగుప్తు రాజు టూటంఖామూను సమాధిని 1922లో తెరిచారు. అందులో నిప్పుకోడి ఈకలు గుచ్చిన బంగారు విసనకర్ర ఒకటి దొరికింది. దాని మీద ఆ రాజు రథమెక్కి నిప్పుకోళ్లను వేటాడుతున్న బొమ్మ చెక్కి ఉంది. ఐగుప్తీయులు న్యాయానికి గుర్తుగా ఈ పక్షి ఈకనే పెట్టుకున్నారు. అష్షూరు రాజులు వేటలో చంపిన జంతువుల లెక్కలో వీటినీ శాసనాలకు ఎక్కించారు. 2023 జనవరిలో ఇశ్రాయేలు పురావస్తు శాఖవారు నెగెబులోని నిట్సానా ఇసుక దిబ్బల దగ్గర పాతకాలపు పొయ్యి పక్కన ఎనిమిది నిప్పుకోడి గుడ్ల పెంకులు బయటపెట్టారు. వాటి వయసు నాలుగు వేల నుంచి ఏడున్నర వేల ఏళ్ల మధ్య అని చెప్పారు. ఆ ఎడారిలో గుడారాలు వేసుకున్నవాళ్లు వండుకుని తిన్నారన్నమాట. ఒక్క గుడ్డు దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. కోడిగుడ్లు రెండు డజన్లతో సమానం. ఒక కుటుంబానికి ఒక పూట.

కాబట్టి యోబు గ్రంథం వింటున్నవాళ్లకు ఇది పుస్తకంలో పక్షి కాదు. పొలిమేర పక్షి.

ఇప్పుడు రెండో నేరానికి వద్దాం. ఇక్కడే విషయం ఎక్కువగా ఉంది, కాస్త ఓపిక పట్టండి.

1970ల చివర్లో బ్రయన్ బెర్‌ట్రమ్ అనే శాస్త్రజ్ఞుడు కెన్యాలోని సావో వెస్ట్ జాతీయ పార్కులో ఈ పక్షుల గూళ్లను నెలల తరబడి కనిపెట్టి చూశాడు. 1992లో దాని మీద పుస్తకం వేశాడు. ఆయన చూసిందేమిటంటే, ఒక పుంజు నేలలో గుంట గీరుతుంది. దానికి ఒక ప్రధానమైన పెట్ట ఉంటుంది. మనం పెద్దపెట్ట అనుకుందాం. అది రోజు విడిచి రోజు ఒక గుడ్డు పెడుతుంది. అంతలో ఇంకో రెండు, మూడు, ఒక్కోసారి అయిదారు పెట్టలు వచ్చి అదే గుంటలో గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. అవి పొదగవు, కాపలా కాయవు. వాటిలో కొన్నిటికి జత లేదు, కొన్నిటి గూళ్లను నక్కలో సివంగులో పాడుచేసి ఉంటాయి. పెద్దపెట్ట వాటిని తరిమేయదు. లేచి పక్కకు జరిగి, గుడ్డు పెట్టుకోనిస్తుంది.

ఇలా మూడు వారాలు గడిచేసరికి గుంటలో ముప్ఫై, నలభై గుడ్లు చేరవచ్చు. ఒక పక్షి ఒళ్లు కప్పగలిగేది ఇరవై మాత్రమే. పొదుగు మొదలుపెట్టేటప్పుడు పెద్దపెట్ట మిగతా వాటిని ముక్కుతో బయటికి దొర్లిస్తుంది. అవి గుంట చుట్టూ ఒక వరుసగా నిలుస్తాయి. బెర్‌ట్రమ్ ఏ గుడ్డు ఎవరిదో గుర్తులు పెట్టుకుని చూశాడు. బయటికి దొర్లినవాటిలో పెద్దపెట్ట సొంత గుడ్లు దాదాపు లేవు. మనకు అన్నీ ఒకేలా కనబడే తెల్లటి గుడ్లలో తనవేవో అది గుర్తుపడుతోంది. గుడ్డు పరిమాణం, ఆకారం, పెంకు మీది సన్నటి రంధ్రాల తీరు దానికి ఆనవాళ్లు అయి ఉండాలి. బుద్ధిహీనురాలని పేరుపడ్డ పక్షి చేసే పని ఇది.

మరి పరాయి గుడ్లను రానివ్వడం ఎందుకు? ఎలాగూ ఒంటికింద చోటు ఉంది. తన పది గుడ్ల మధ్య ఇంకో పది పరాయివి ఉంటే, సివంగి వచ్చి నాలుగు ఎత్తుకుపోయినా అందులో తనవి రెండే ఉండవచ్చు. బయటి వరుసలో ఉన్నవి ముందు పోతాయి. తెల్ల రాబందు నోటితో రాయి పట్టుకుని గుడ్డు మీదికి విసిరి పగలగొడుతుంది. 1966లో జేన్ గుడాల్ దంపతులు ఆ వింతను టాంజానియాలో చూసి లోకానికి చెప్పారు. ఆ రాయి దెబ్బ ముందు తగిలేది బయట ఉన్న గుడ్డుకే. వినడానికి లెక్కలు వేసే తల్లిలా ఉంది గాని, ఇంటికి దిక్కులేని పెట్టల గుడ్లు పది ఆ లెక్కలోనే పిల్లలవుతున్నాయి. నాకు ఇందులో కఠినత్వం కనబడలేదు.

అయితే యోబు గ్రంథం చెప్పినది చూడకుండా చెప్పిందా? కాదు. ఆ మూడు వారాలు గుర్తు తెచ్చుకోండి. గుడ్లు పెట్టడం పూర్తయ్యేదాకా పొదుగు మొదలవదు. అన్ని గుడ్లూ ఒకేసారి పిల్లలవ్వాలి గదా. అన్నాళ్లూ గుడ్లు మట్టిలో, ఎండలో ఉంటాయి. తల్లి మేతకు వెళ్లిపోతుంది. మందలు నడిచే దారిలో ఉంటే కాలికింద పడి పగలవచ్చు. మిగతా పెట్టలు నిజంగానే గుడ్డు పెట్టి వెనక్కు చూడకుండా పోతాయి. ఆ రోజుల్లో గూటిని దాటిపోయిన కాపరికి ఏమి కనబడుతుందో ఆ వచనాల్లో సరిగ్గా అదే ఉంది. పెంకు తెలుపు గురించి కూడా పరీక్ష చేశారు. తెల్లటి గుడ్డు దూరానికి కూడా మెరుస్తుంది, శత్రువుకు ఇట్టే తెలిసిపోతుంది. అలాంటి రంగెందుకు? బెర్‌ట్రమ్ మరో శాస్త్రజ్ఞుడితో కలిసి కొన్ని గుడ్లకు గోధుమ రంగు పూసి ఎండలో పెట్టి చూశాడు. రంగు పూసినవి తెల్లవాటికంటే ఎక్కువ వేడెక్కాయి. తల్లి దగ్గర లేని ఆ వారాల్లో లోపలి జీవం ఎండకు ఉడికిపోకుండా కాచేది ఆ తెలుపే.

పొదుగు మొదలైతే సుమారు 42 రోజులు. కోడికి 21, దీనికి రెట్టింపు. పగలు పెట్ట కూర్చుంటుంది, దాని ఈకలు మట్టి రంగు. సాయంత్రం పుంజు వచ్చి బాధ్యత తీసుకుంటుంది, దాని ఒళ్లు నల్లన, రాత్రిలో కలిసిపోతుంది. తెల్లవార్లూ తండ్రే. పిల్లలు బయటికి వచ్చాక నక్క దగ్గరికి వస్తే, పెద్ద పక్షుల్లో ఒకటి రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, పడుతూ లేస్తూ దాన్ని తనవైపు లాక్కుపోతుంది. ఈలోగా మరొకటి పిల్లలను తోలుకుపోతుంది. మీ దొడ్లో పిల్లలకోడి గద్దను చూసి ఏం చేస్తుందో మీకు తెలుసు. ఇదీ అదే. తమవీ పరాయివీ కలిసి పదుల కొద్దీ పిల్లలు ఒక జంట వెనక నడవడం కూడా మామూలే.

ఈ సంగతి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మన ప్రాంతం నుంచి కువైట్‌కు, మస్కట్‌కు ఇంటిపనికి వెళ్లిన తల్లులు మన సంఘాల్లో ఎంతోమంది ఉన్నారు. రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లిన ఒక చెల్లెలి పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. ఎవరో యోబు 39 చూపించి ఆమెను "నిప్పుకోడి తల్లి" అన్నారట. ఆ మాట ఫోనులో ఎడారి దాటి ఆమె చెవిన పడింది. ఆ పిల్లల బడి ఫీజు, అమ్మమ్మ మందులు, ఇంటిమీద అప్పుకు వడ్డీ నెలనెలా ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆ మాట అన్నవారికీ తెలుసు.

విలాపవాక్యములు 4వ అధ్యాయంలో కూడా ఎడారిలోని ఈ పక్షి పోలిక వస్తుంది. యెరూషలేము ముట్టడిలో ఉంది. పసిబిడ్డల నాలుకలు దాహంతో అంగిటికి అంటుకున్నాయి. తల్లులకు ఇవ్వడానికి ఏమీ లేదు. ఆ పోలిక ఆ తల్లుల మీద ఫిర్యాదుగా రాసింది కాదు, కన్నీళ్లతో రాసింది. ఆకలి తెచ్చిపెట్టిన స్థితికి తల్లిని నిందించేవాళ్లు ఆ అధ్యాయం పూర్తిగా చదవాలి.

యోబు దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఈ పక్షి ఆ గ్రంథంలో 39వ అధ్యాయంలోనే మొదటిసారి రాలేదు. 30వ అధ్యాయం చివర్లో యోబు తన దుఃఖాన్ని చెప్పుకుంటూ తాను నక్కలకు తోబుట్టువయ్యానని, నిప్పుకోళ్లకు జతగాడినయ్యానని అంటాడు. ఎందుకు ఆ పోలిక? మీకా ప్రవక్త కూడా తన ఏడుపును దాని అరుపుతో పోల్చాడు. పుంజు గొంతు విన్నవాళ్లకు ఇది అర్థమవుతుంది. అది మెడను గాలితో ఉబ్బించి, నోరు తెరవకుండానే లోపలి నుంచి మూలుగులాంటి లోతైన శబ్దం చేస్తుంది. చాలా దూరం వినబడుతుంది. మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ దక్షిణ ఆఫ్రికాలో ఏళ్ల తరబడి తిరిగినవాడు. ఆయన 1857లో అచ్చువేసిన ప్రయాణాల పుస్తకంలో, సింహం గర్జనకూ దీని అరుపుకూ తేడా పట్టడం తనకు కష్టమేనని, సింహం రాత్రి అరుస్తుంది, ఇది పగలు అరుస్తుంది గనుక తెలుసుకునేవాడినని రాశాడు. బూడిదలో కూర్చున్న యోబు తన మూలుగును ఈ ఎడారి మూలుగుతో పోల్చుకున్నాడు.

ఏడుగురు కుమారులను, ముగ్గురు కుమార్తెలను ఒక్కరోజున పోగొట్టుకున్న తండ్రి అతను. అలాంటివాడితో తుపానులో నుంచి మాట్లాడిన స్వరం నేలమీద విడిచిన గుడ్ల గురించి, కాలికింద నలిగిపోగల పిల్లల గురించి మాట్లాడింది. ఈ వరుసను ఎన్నిసార్లు చదివినా నాకు గుండె ఆగినట్టవుతుంది. ఆ మాటల్లో పక్షికి శిక్ష లేదు, దాన్ని మార్చాలన్న ప్రయత్నమూ లేదు. దానికి వివేకం పంచిపెట్టనిది తానేనని సృష్టికర్త చెప్పుకుంటున్నాడు. ఆ వెంటనే అది లేచి పరుగెత్తితే గుర్రాన్ని, రౌతును చూసి నవ్వుతుందంటున్నాడు. సింహం, కాకి, కొండమేక, అడవి గాడిద, యుద్ధపు గుర్రం, డేగ, వీటి మధ్య దాన్ని నిలబెట్టాడు. అది అవమానపు వరుస కాదు.

గుర్రానికి దొరకని ఆ పక్షి తుపాకికి, మోటారు బండికి దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత అరేబియా, సిరియా ఎడారుల్లో కొత్త రైఫిళ్లు చేరాయి, వెనుకనే కార్లు వచ్చాయి. 1919లో రోత్‌షీల్డ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు ఈ అరేబియా జాతికి శాస్త్రీయంగా పేరుపెట్టాడు. అప్పటికే అది తరిగిపోతోంది. 1940ల మొదట్లో గొట్టాల పనివాళ్లు జుబైల్ దగ్గర ఈ పక్షిని చంపి తిన్నారని నమోదైంది. 1966లో యొర్దానులో, పెట్రాకు ఉత్తరాన, చావు దశలో ఒకటి కనబడింది. ఆ తరువాత ఆ జాతి పక్షి ఏదీ కనబడలేదు. యోబు గ్రంథంలో మనకు చూపించిన పక్షి ఆ గ్రంథపు దేశంలో లేకుండా పోయి అరవై ఏళ్లవుతోంది.

ఆఫ్రికా దక్షిణ కొసన కథ ఇంకోలా నడిచింది. ఐరోపా, అమెరికా దొరసానుల టోపీల మీద ఈకలు పెట్టుకునే మోజు పుట్టింది. మొదట అడవి పక్షులను చంపి ఈకలు తీశారు. 1860ల నుంచి కేప్ ప్రాంతపు రైతులు వాటిని దడి కట్టి పెంచడం మొదలుపెట్టారు, 1869లో ఆర్థర్ డగ్లస్ అనే రైతు గుడ్లు పొదిగే యంత్రం చేశాడు. బతికున్న పక్షి నుంచే కొన్ని నెలలకోసారి ఈకలు కత్తిరించుకోవచ్చు గనుక చంపే పని తప్పింది. అడవిలో మిగిలిన పక్షులు ఆ పెంపకం పుణ్యాన బతికాయి. ఔట్స్‌హూర్న్ ఊళ్లో ఈకల డబ్బుతో రాతి మేడలు లేచాయి. లిథువేనియా నుంచి వలస వచ్చిన యూదు వర్తకులు ఆ ఊరికి ఎందరు చేరారంటే, దాన్ని ఆఫ్రికా యెరూషలేము అనేవారు. గుడ్లను, పక్షులను దేశం దాటించకూడదని 1907లో చట్టం చేశారు. 1911లో ప్రభుత్వమే రహస్యంగా ఒక బృందాన్ని ఉత్తర నైజీరియాకు పంపి, ఒత్తైన ఈకలున్న పక్షులను వందకు పైగా తెప్పించుకుంది. 1913లో దక్షిణ ఆఫ్రికా ఎగుమతుల్లో బంగారం, వజ్రాలు, ఉన్ని తరువాత నాలుగో స్థానం ఈకలదే. మరుసటి ఏడాది అంతా కూలిపోయింది. యుద్ధం వచ్చింది, పైకప్పు లేని కార్లలో పెద్ద టోపీలు నిలవలేదు, మార్కెట్లో ఈకలు గుట్టలుపడ్డాయి. రైతులు దివాలా తీశారు. మేత పెట్టలేక పక్షులను వదిలేశారు, కోసేశారు. మిరప రేటు, పొగాకు రేటు పడిన ఏడాదులు చూసిన మనవాళ్లకు ఆ ఊరి ముఖాలు ఎలా ఉండి ఉంటాయో చెప్పక్కర్లేదు.

సౌదీ అరేబియాలో 1994 నుంచి మహజాత్ అస్ సయ్యద్ అనే కంచె వేసిన రక్షిత ప్రాంతంలో నిప్పుకోళ్లను మళ్లీ వదిలారు. అవి పాత జాతివి కావు, ఉత్తర ఆఫ్రికాకు చెందిన ఎర్రమెడ జాతివి. పాత చర్మాల నుంచి తీసిన డీఎన్ఏ చూస్తే పోయినదానికి దగ్గరి బంధువు ఇదేనని తేలింది. ఆ ఎర్రమెడ జాతి కూడా సహారా అంచున చాలా తగ్గిపోయింది.

చివరిగా మన నేల సంగతి. ఈ పక్షి ఒకప్పుడు భారతదేశంలో కూడా తిరిగింది. 1884లో లిడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు శివాలిక్ కొండల రాళ్లలో దొరికిన దీని ఎముకల గురించి రాశాడు. మహారాష్ట్రలోని పాట్నేలో పాతరాతియుగపు మనుషులు దీని గుడ్డు పెంకు మీద గీతల అల్లిక చెక్కారు, అది సుమారు పాతిక వేల ఏళ్ల నాటిది. పెంకును గుండ్రంగా అరగదీసి, చిల్లు పొడిచి పూసలుగా కూడా గుచ్చుకున్నారు. 2017లో మన హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇలాంటి పాత పెంకుల నుంచి డీఎన్ఏ తీసి, అవి ఆఫ్రికా పక్షి వంశానివేనని చూపించారు.

2023లో బరోడాలోని ఎం.ఎస్. విశ్వవిద్యాలయం పురావస్తు పరిశోధకులు ప్రకాశం జిల్లాలో తవ్వుతుంటే, ఒకటిన్నర చదరపు మీటర్ల చోటులోనే దాదాపు 3,500 పెంకు ముక్కలు వచ్చాయి. అది నిప్పుకోడి గూడు. తొమ్మిది, పది అడుగుల వెడల్పు, వయసు 41,000 ఏళ్లు. 2024లో ఈ వార్త పేపర్లలో వచ్చింది. అందులో తొమ్మిది నుంచి పదకొండు గుడ్లు ఉండి ఉంటాయని లెక్కకట్టారు. గూడు మాత్రం ముప్ఫై, నలభై గుడ్లు పట్టేంత పెద్దదట. మన ఒంగోలు గిత్తల నేల మీద, ఆ గిత్తలు రాకముందు ఎన్నో వేల ఏళ్ల కిందట, ఒక పెద్దపెట్ట పక్కకు జరిగి ఇంకో పెట్టకు చోటిచ్చిన గుంట అది.

ప్రకాశం జిల్లా వైపు పొలాలున్నవారికి ఒక మాట. బావి తవ్వేటప్పుడో, వాగు గట్టు కోసుకుపోయినప్పుడో పాలిపోయిన తెలుపు రంగులో, టీ కప్పు పెంకంత మందంగా, వంపు తిరిగి, మీద సన్నటి చుక్కల్లాంటి రంధ్రాలున్న ముక్కలు కనబడితే గుల్లలని పారేయకండి. దొరికినచోటు కదిలించకుండా తహసీల్దారు కార్యాలయంలోనో, పురావస్తు శాఖవారికో చెప్పండి. ఫోటో తీస్తే పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి తీయండి, ముక్క ఎంత ఉందో చూసేవాళ్లకు తెలుస్తుంది.